నిలిచిన బండి యేల కాగును? – పంకా క్లచ్చిని గూర్చి

యాసంగి కోతలు సాగు దినములలో, అనగా ఏప్రిలు, మే మాసములందు, మన కట్టంగూరు ప్రాంతపు బండ్లకు విశ్రాంతి యుండదు. వడ్లు కొనుగోలు కేంద్రమునకును, అచ్చటినుండి మిల్లునకును పోవలెను. నిమ్మకాయలు నకిరేకల్ మార్కెట్టునకు, బత్తాయిలు హైదరాబాదునకు చేరవలెను. ఎండలు ముదురునదియు ఆ దినములలోనే. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులవలన ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములు రెంటను గలిపి రెండువేలమందికి పైగా మరణించిరి. మనుష్యులే తాళలేని యెండలో ఇంజను కాగుట వింతయా యని కొంద రనుకొందురు. కాని ఎండ అన్ని బండ్లమీదను సమానముగనే పడుచున్నది. ఒక బండి కాగి, దాని ప్రక్కన అదే బరువుతో నున్న బండి కాగకున్నచో, దోషమును ఆకాశమున గాక బండిలో వెదకవలెను.

అట్టి దోషములలో నొకదానిని గూర్చి ఈ నెల వ్రాయుచున్నాము. దానిపేరు పంకా క్లచ్చి. మేస్త్రీలు దీనిని ఫ్యాన్ క్లచ్చి యనియు, విస్కస్ ఫ్యాన్ అనియు పిలుతురు. ఇది చెడినప్పుడు తరచుగా చప్పుడు చేయదు, విరిగి క్రింద పడదు. ఇంజను నడచుచున్నంతసేపు పంకా తిరుగుచునే కనబడును. అందుచేత దానిపై ఎవరికిని అనుమానము కలుగదు. రైతు రేడియేటరు కడిగించును, మూత మార్చును, గొట్టములు మార్చును, తుదకు అప్పుచేసి క్రొత్త రేడియేటరే వేయించును. బండి మరల కాగును.

గడచిన యాసంగిలో మా సంఘ సభ్యు డొకని సరకుబండిలో మేము సూర్యాపేట మార్కెట్టునకు పోవుట తటస్థించినది. బండినిండ వడ్లబస్తాలు, నడపువాడు ఆయన కుమారుడు. కట్టంగూరునుండి నకిరేకల్ దాటువరకు 65వ నెంబరు జాతీయ రహదారిపై బండి హాయిగా పోయినది. వేడిమి చూపు ముల్లు నడుమనే నిలిచియుండెను. కొర్లపహాడ్ టోలుగేటు వద్ద బండ్ల వరుసలో ఆగినంతనే ముల్లు మెల్లమెల్లగా పైకెక్కనారంభించినది. గేటు దాటి వేగమందుకొనగా తిరిగి దిగినది. సూర్యాపేట మార్కెట్టు వాకిట మరల వరుస. ఈసారి చాల పొడుగు. అరగంట గడవకమునుపే ముల్లు ఎఱ్ఱగీతను తాకెను, బానెట్టు సందులనుండి ఆవిరి చిమ్మెను. పిల్లవాడు తువాలు చేతికి చుట్టుకొని రేడియేటరు మూత త్రిప్పబోయెను. తండ్రి చేయిపట్టి వెనుకకు లాగకున్నచో ఆ బిడ్డ ముఖము ఏమైయుండెడిదో చెప్పలేము.

ఈ మూత సంగతి ఇచ్చటనే చెప్పుట మంచిది. రేడియేటరు మూత వట్టి మూత కాదు. అది లోని నీటిని ఒత్తిడిలో నుంచును. సామాన్యముగా చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు ఒక కిలో ఒత్తిడి యుండును. ఆ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల వద్ద కాక ఇంచుమించు 120 డిగ్రీల వద్ద మరుగును. మూత తీసిన క్షణమున ఒత్తిడి పోవును. 100 డిగ్రీలకు మించి కాగియున్న నీరు ఒక్కసారిగా ఆవిరియై పైకి లేచును. తువాలు దాని నాపజాలదు. ఇంజను నార్పి, పై గొట్టముపై చేయి నిశ్చింతగా ఉంచగలుగువరకు ఓపికపట్టవలెను. అది గంటయైనను సరే. కాగిన ఇంజనుపై చన్నీరు గ్రుమ్మరించుట మరియొక తెలివితక్కువ. ఇంజను తల పగులుట కంతకంటె సులభమైన మార్గము లేదు.

ఆ సభ్యుడు రెండునెలలుగా ఈ బాధ పడుచున్నాడట. రేడియేటరు రెండుమార్లు కడిగించెను. మూత మార్చెను. ఒక చోట ఎవరో చెప్పగా థర్మోస్టాటును ఊడబీకి పారవేసిరి. ఇంతచేసినను బండి నిలిచినప్పుడెల్ల కాగుచునే యున్నది. హెడ్ గాస్కెట్టు పోయినదేమో, ఇంజను విప్పవలెనేమో యని ఆయన దిగులు. ఇంజను విప్పుటయనగా ఆ పంటమీద మిగులు సొమ్మంతయు పోవుటయే. బండి కిస్తీ వేరుగ నున్నది.

మరునాడు కట్టంగూరు సడకు ప్రక్కనున్న ఒక వృద్ధ మేస్త్రీ వద్దకు బండి చేరినది. ఆయన ఆ చరిత్రయంతయు విని, "నీళ్లు చూసిండ్రు, మూత చూసిండ్రు. గాలి చూసిన్రా బిడ్డా?" అని యడిగెను. చల్లారియున్న ఇంజను ముందు వంగి, పంకా రెక్క నొకదానిని వ్రేలితో త్రోసెను. పంకా తీర్థములో పిల్లలు కొను కాగితపు గిరగిర వలె ఎనిమిది తొమ్మిది చుట్లు తిరిగి నింపాదిగా ఆగెను. "అదే నీ రోగం" అనెను. పరీక్ష ముగిసినది. పట్టిన కాలము ఒక నిమిషమైన లేదు.

ఇది యెట్లు? తూర్పారబట్టు రైతులకు దీనిని వివరించుట కష్టము గాదు. గాలి వీచునప్పుడు చేటతో ధాన్యము జారవిడిచిన చాలును, పొట్టు తానే పోవును. గాలి స్తంభించినచో ఎంతసేపు నిలుచున్నను పని జరుగదు. ఎవరో యొకరు ప్రక్కన నిలిచి విసరవలెను. రేడియేటరు సంగతియు నంతే. ఇంజను వేడిమిని నీరు మోసుకొనివచ్చి రేడియేటరు సన్నగొట్టములలో పారును. ఆ గొట్టముల నడుమ పోవు గాలి ఆ వేడిమిని కొనిపోవును. బండి వేగముగా పరుగిడునప్పుడు ఎదురుగాలియే సరిపోవును. బండి నిలిచినప్పుడు, బరువుతో గట్టెక్కునప్పుడు, పొలము బాటలో మెల్లగా పోవునప్పుడు ఎదురుగాలి లేదు, పంకా విసరవలెను. కావున రహదారిపై చల్లగానుండి వరుసలో కాగు బండిలో లోపము గాలిదని మొదట తలచవలెను. రహదారిపై వేగముగా పోవునప్పుడును కాగు బండిలో లోపము నీటిదో, రేడియేటరుదో, ఇంజనుదో యగుట తఱచు. ఈ భేదము నెఱిగినచో సగము ధనము మిగులును.

మరి పంకాను ఇంజనుకు గట్టిగా బిగింపక నడుమ క్లచ్చి యేల? మన ట్రాక్టర్లలో చాలవాటికి క్లచ్చి లేదు. పంకా కప్పీకే బిగించియుండును, ఇంజను తిరిగినంతసేపు తిరుగును. కాని పంకా త్రిప్పుట ఊరక జరుగదు. పంకా వేగము రెట్టింపైనచో దానికి కావలసిన బలము ఎనిమిది రెట్లగును. రహదారిపై, అక్కరలేనప్పుడు, పంకాను పూర్తివేగముతో త్రిప్పుట డీజిలును గాలికి పోయుటయే. అందుచేత జీపుతరగతి సరకుబండ్లలోను, వ్యానులలోను, లారీలలోను తరచుగా ఈ క్లచ్చి నమర్తురు. చిన్న బండ్లు కొన్నింటిలో పంకాను విద్యుత్తు మోటారే త్రిప్పును. వాటికి ఈ వ్యాసముతో పనిలేదు. పూర్వపు బావి ఇంజనులలో పంకాయే లేకుండెడిది. బావినుండి తోడిన నీరే ఇంజను చుట్టు తిరిగి కాలువలో పడెడిది. వృద్ధులు దానిని ఎఱుగుదురు.

క్లచ్చిని విప్పి చూచిన, అల్యూమినియపు డిబ్బివంటి దొకటి కనబడును. డిబ్బి లోపల గాడులు గల యొక పళ్లెము. అది వాటరు పంపు ఇరుసుతో తిరుగును. డిబ్బికి పంకా బిగించియుండును. పళ్లెమునకును డిబ్బికిని నడుమ సన్నని సందే గాని అంటు లేదు. ఆ సందులోనికి చిక్కని సిలికోను నూనె వచ్చినప్పుడు పళ్లెము డిబ్బిని తనతో లాగుకొనిపోవును. దమ్ముచేసిన మడిలో కాలు పెట్టినవానికి ఆ పట్టు తెలియును. అదే తేటనీటిలో కాలు ఊరక జారును. డిబ్బి ముందుభాగమున, రేడియేటరు వైపున, రెండు లోహములను అతికిచేసిన చిన్న చుట్ట యొకటి యుండును. రేడియేటరునుండి వచ్చు గాలి ఇంచుమించు 60, 70 డిగ్రీల వేడికి వచ్చునప్పుడు ఈ చుట్ట మెలిదిరిగి లోపలి కవాటమును తెరచును. నూనె సందులోనికి పారును, పంకా పట్టు చిక్కించుకొని హోరున తిరుగును. గాలి చల్లబడగా కవాటము మూతపడును, నూనె తన అరలోనికి మరలిపోవును, పంకా మెల్లబడును. తీగలు లేవు, మీటలు లేవు. ఇంత చిన్న వస్తువు ఇంత తెలివిగా పనిచేయుట చూచి మేము ఆశ్చర్యపడితిమి.

ఈ సిలికోను అను పేరు పెట్టినవాడు ఇంగ్లండులోని నాటింగ్‌హాము పట్టణమున రసాయనశాస్త్ర ఆచార్యుడైన ఫ్రెడరిక్ కిప్పింగ్. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో ఆయన ఈ పదార్థములపై ఏండ్లతరబడి కృషిచేసెను, కాని వానివలన గొప్ప ప్రయోజనము కలుగునని తలపలేదు. సిలికోను నూనె గుణమేమన, వేడికి ఇతర నూనెలవలె పలుచబడిపోదు. కాబట్టియే క్లచ్చిలో ఇంజను ఆయిలు గాని, ఆముదము గాని పోసి బాగుచేసెదమను మాటలను నమ్మరాదు. వేడెక్కిన ఇంజను వద్ద అవి నీరువలె పలుచనగును. పట్టు కావలసిన సమయముననే పట్టు విడచును.

ఏండ్లు గడచినకొలది ఈ నూనె బేరింగు వద్దనో, ముందరి చుట్ట వద్దనో కొంచెము కొంచెము కారిపోవును. డిబ్బిమీద జిడ్డు చారలు, ఆ జిడ్డుకు అంటిన దుమ్ము కనబడినచో అది మొదటి గుర్తు. రెండవది ఇందాక చెప్పిన వ్రేలి పరీక్ష. ఇంజనును ఆర్పి, తాళపుచెవి జేబులో వేసికొని, చల్లారిన పిదప పంకాను చేతితో త్రిప్పవలెను. బాగున్న క్లచ్చి కొంచెము బిగువుగా, మందమైన పాకములో గరిటె త్రిప్పినట్లుండును. విడిచిన వెంటనే ఆగును. రెండు మూడు చుట్లకు మించి స్వేచ్ఛగా తిరిగినచో నూనె పోయినదనుకొనవలెను. ఎంత త్రోసినను కదలకున్నచో లోపల పట్టుకొనిపోయినది. అట్టి బండి కాగదు గాని, ఎప్పుడును హోరెత్తుచునే యుండును, డీజిలు ఎక్కువ త్రాగును, చలికాలపు ఉదయమున ఇంజను వేడెక్కుటకు చాలసేపు పట్టును. పిమ్మట రెక్కకొన పట్టుకొని ముందునకు వెనుకకు ఊపి చూడవలెను. కొద్దిపాటి కదలిక దోషము గాదు. కొనవద్ద కాలు అంగుళమునకు మించి ఊగినచో బేరింగు అరిగినది.

వ్రేలిపరీక్షలో సందేహము మిగిలినచో వేడిపరీక్ష చేయవచ్చును. రేడియేటరు ముందు అట్టముక్క నొకటి అడ్డుపెట్టి ఇంజనును నడపి, ముల్లుమీద కన్నుంచి, చెవి యొగ్గవలెను. ముల్లు మామూలు స్థానము దాటుచుండగా పంకా హోరు స్పష్టముగా పెరుగవలెను. పెరిగినంతనే అట్ట తీసివేయవలెను. ముల్లు ఎఱ్ఱగీతను సమీపించినను హోరు రాకున్నచో పరీక్ష అంతటితో ఆపి, అట్ట తీసి, ఇంజను ఆర్పవలెను. క్లచ్చి చచ్చినది. ఉదయము మొదట స్టార్టు చేసినప్పుడు ఒకటి రెండు నిమిషములు వినవచ్చు హోరు మాత్రము రోగము గాదు. రాత్రి నిలిచియుండగా నూనె సందులోనికి దిగియుండును. తిరుగగా తిరుగగా అరకు చేరును.

తిరుగుచున్న పంకాను చుట్టిన కాగితముతో ఆపి చూచువారిని మేము కన్నులారా చూచితిమి. ఆపగలిగిన క్లచ్చి చెడినదనుట నిజమే. కాని తువాలు కొన, చొక్కా చేయి ఆ రెక్కలలో చిక్కినచో చేయి తిరిగి రాదు. చల్లని ఇంజనుతో నిమిషములో తెలియుదానికి వ్రేళ్లను పందెమొడ్డ నేల?

క్లచ్చిని నిందించుటకు మునుపు పైసా ఖర్చులేని పరీక్షలు కొన్ని గలవు. నీరు సరిగా నున్నదా? బెల్టు వదులై జారుచున్నదా? పంకా చుట్టునుండు డొప్ప విరిగిపోయినదా? డొప్ప లేనిచో పంకా తన చుట్టునున్న గాలినే త్రిప్పుకొనుచుండును గాని రేడియేటరు గుండ లాగదు. మన ప్రాంతమున అన్నిటికంటె ముఖ్యమైనది రేడియేటరు సందులలో చేరు చెత్త. వడ్లపొట్టు, గడ్డినలుసులు, కళ్లపు దుమ్ము కలిసి కంబళివలె అల్లుకొనును. లోపలివైపునుండి బయటికి, మెల్లని నీటిధారతో కడుగవలెను. గట్టిధార పెట్టినచో సన్నని రేకులు వంగి దారియే మూసికొనిపోవును. లోపల పోయు నీటి విషయము వేరు. నల్లగొండ బావినీటిలోని ఫ్లోరైడు మనుష్యుల యెముకలను వంచిన కథ లోకవిదితము. అదే బావుల కఠినజలములోని సున్నము ఇంజను నాళములలో పొరలుకట్టును. కూలెంటు కలిపిన శుద్ధజలమే పోయవలెను.

థర్మోస్టాటు తీసివేయుట పెద్ద పొరపాటు. అది లేని బండి రహదారిపై తగినంత వేడెక్కక, అరుగుదల పెరిగి, డీజిలు వృథాయగును. కొన్ని ఇంజనులలో థర్మోస్టాటు లేకున్నచో వేడినీరు రేడియేటరునకే పోక అడ్డదారిని ఇంజనులోనికి మరలును. అప్పుడు మునుపటికంటె ఎక్కువ కాగును. మా సభ్యుని బండికి మొదట క్రొత్త థర్మోస్టాటు వేయించి, తరువాతనే క్లచ్చికి పూనుకొంటిమి.

పాత క్లచ్చిని వెల్డింగుచేసి పంకాను శాశ్వతముగా బిగించెదమని చెప్పువారు గలరు. ఖర్చు తక్కువ, బండియు కాగదు. కాని క్లచ్చితో నడచు పంకా ఇంజను పూర్తివేగమును సహించుటకై చేసినది కాకపోవచ్చును. రెక్క విరిగినచో రేడియేటరును చీల్చును, దగ్గర నిలిచినవానిని చంపును. వాటరు పంపు బేరింగు సంగతి చెప్పనక్కరలేదు. పెద్ద లారీల క్లచ్చులు కొన్నింటికి ఆపత్కాలమున ఇంటికి చేరుటకై బిగించు బోల్టులను చేసినవారే అమర్తురు; అది వేరు.

ఇక మార్చు విధానము. బండి చల్లారవలెను, బ్యాటరీ నెగెటివు తీగ విప్పవలెను. రేడియేటరు వెనుక దళసరి అట్ట నిలిపినచో పానా జారినను రేకులు చెడవు. డొప్ప బోల్టులు విప్పి దానిని వెనుకకు జరుపవలెను. క్లచ్చి రెండురీతుల బిగింపబడును. ఒకటి, నాలుగు బోల్టులతో పంపు కప్పీకి, ఇది సులభము. బెల్టు బిగువుండగనే బోల్టులను వదులుచేసికొని పిమ్మట బెల్టు తీయవలెను. రెండవది, ఒకే పెద్ద నట్టుతో ఇరుసుమీద; దీనికి తరచుగా 32 లేక 36 మిల్లీమీటర్ల పలుచని పానా కావలెను. ఇచ్చట మర ఎటువైపుదో ముందు తెలిసికొనవలెను. కొన్ని బండ్లకు కుడిమర, కొన్నింటికి ఎడమమర. తెలియక తప్పుదిక్కున బలమంతయు ప్రయోగించి ఇరుసును పాడుచేసిన మేస్త్రీలు లేకపోలేదు. బండి పుస్తకము చూచుటయో, క్రొత్త క్లచ్చి మరను కంటితో పరీక్షించుటయో చేయవలెను. కప్పీ తిరుగకుండ పట్టి, పానా కాడపై సుత్తితో ఒక పొట్టిదెబ్బ వేసిన నట్టు వదలును.

పంకా, క్లచ్చి, డొప్ప సామాన్యముగా కలిపి పైకి తీయవలెను. తీసిన పంకాను వెలుతురులో త్రిప్పి ప్రతి రెక్క మొదటను పగుళ్లు చూడవలెను. పగిలిన పంకాను అతికింపరాదు, వంగినదానిని సరిచేయరాదు, మార్చవలసినదే. ఇరుసు బయటపడియున్న ఈ సమయమున వాటరు పంపును ఊపి చూచుట మరువరాదు. ఇరుసు కదలినను, పంపు క్రింది చిన్నరంధ్రమునుండి నీటిచారలున్నను పంపుకూడ మార్చవలెను. అరిగిన పంపు క్రొత్త క్లచ్చిని తినివేయును, ఊగు క్లచ్చి క్రొత్త పంపును తినివేయును. మా సభ్యుని బండి పంపు అదృష్టవశమున బాగుగనే యుండెను.

క్రొత్తది కొనునప్పుడు నెంబరు సరిచూడవలెను. ఆకారము ఒక్కటైనను తిరుగు దిక్కు, పట్టుకొను వేడిమి వేరుగా నుండవచ్చును. పెట్టెను దుకాణములో గాని, బండిలో గాని బోర్లపెట్టరాదు. క్లచ్చి బండిలో నుండునట్లే నిలువుగా నుంచవలెను. పరుండబెట్టినచో నూనె బేరింగులోనికి జారి చెడును. పంకాను బిగించునప్పుడు ముందువెనుకలు తారుమారు కారాదు. తిరుగవేసిన పంకా తిరుగును గాని గాలి నీయదు. బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగింపవలెను. చివర చేతితో ఒక పూర్తిచుట్టు త్రిప్పి, రెక్కకొనలు డొప్పకు ఎచ్చటను తగులలేదని చూచిన పిదపనే ఇంజను స్టార్టు చేయవలెను. ఒకటి రెండు దినములు నడచినతరువాత బోల్టులను మరల నొకసారి పానాతో తాకి చూడవలెను.

ఈ పనియంతయు ఆ వృద్ధ మేస్త్రీ వేపచెట్టు నీడలో మధ్యాహ్నమునకు ముందే ముగించెను. సాయంకాలము మిగిలిన బస్తాలతో బండి మరల సూర్యాపేటకు బయలుదేరినది. టోలుగేటు వరుసలో ముల్లు కొంచెము కదలెను. అంతలో బానెట్టు క్రింద గాలివాన వచ్చినట్లు హోరు లేచెను. పిల్లవాడు బెదరి, "చాచా ఏదో తప్పుగ బిగించిండు నాయినా" అనెను. తండ్రి ముల్లును చూపించెను, అది దిగుచుండెను. రెండు నిమిషములకు హోరు తానే అణగినది. గేటులో మా వంతు వచ్చినది.